గంట మోగాక

కిందటి వారం మనం నోటీసు బోర్డు దగ్గర ఆగాం. ఆ బోర్డు మీద అతికించిన కాగితంలో ఉన్న సంగతి ఇది. ప్రీఫైనల్ లెక్కల పరీక్ష జరుగుతుండగా పదో తరగతి బీ సెక్షన్ గదిలో ఎవరో మాట్లాడారు. ఎవరో తేలేదాకా ఆ సెక్షన్‌లో ఎవరికీ ఫైనల్ పరీక్ష హాల్ టికెట్ ఇవ్వరు. తేలాక, ఆ ఒక్కరికి ఇవ్వరు. రాసింది లెక్కల మాస్టారు. కింద సంతకం పెద్ద మేడంది. ఫైనల్ పరీక్షలు సోమవారం మొదలవుతాయి. ఇవాళ శుక్రవారం.

బీ సెక్షన్ అంటే యోగా సెక్షన్. పరీక్షలంటే పిల్లలు బెంబేలెత్తిపోతున్నారని, ఒక సెక్షన్‌కి యోగా నేర్పించి చూద్దామని ఏడాది మొదట్లో పెద్ద మేడం అనుకున్నారు. రోజూ ఆఖరి పీరియడ్ లెక్కలది. దాన్ని బీ సెక్షన్‌లో యోగా టీచర్‌కి ఇచ్చారు. తీరా ప్రీఫైనల్లో, యోగా లేని 'ఏ' సెక్షన్ ముందుకెళ్ళింది, యోగా ఉన్న బీ సెక్షన్ వెనకబడింది.

యోగా టీచర్ ఆ కాగితం రెండుసార్లు చదివి పెద్ద మేడం గదివైపు నడిచింది.

గదిలో లెక్కల మాస్టారు అప్పటికే ఉన్నారు. కుర్చీ అంచు మీద కూర్చున్నారు. క్లాసు ఉన్నా లేకపోయినా ఆయన వేళ్ళ మధ్య ఒక సుద్దముక్క ఉంటుంది, ఇప్పుడూ ఉంది. బల్ల మీద జవాబు పత్రాల కట్ట. బల్లకి అవతల పెద్ద మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఏం చెప్పాలో తోచనప్పుడు ఆవిడ చేసే పని అది.

"రండమ్మా. మీకే కబురు పెడదామనుకుంటున్నా," అన్నారు ఆవిడ.

"నోటీసు చూశాను మేడం."

"చూడ్డానికే పెట్టాం," అన్నారు మాస్టారు. తర్వాత గొంతు తగ్గించారు. "చూడమ్మా, మీ మీద నాకేం కక్ష లేదు. నా పీరియడ్ తీసి మీకిచ్చారు. ఊపిరి పీల్చుకోడానికి కూడా పీరియడ్ కావాలా అని అడిగాను. అడిగి ఊరుకున్నాను."

"ఊరుకోలేదు మాస్టారూ. స్టాఫ్ రూంలో నాకు గాలి టీచరని పేరు పెట్టారు."

"అది మీ వెనకాల అన్నమాట."

"నాకు వినపడేంత గట్టిగా అన్నారు."

పెద్ద మేడం కళ్ళజోడు పెట్టుకుని, నవ్వు కనపడకుండా ఫ్యాను వైపు చూశారు.

మాస్టారు కట్ట విప్పారు. "ఇవి చూడండి. బీ సెక్షన్‌లో ఇంచుమించు అందరూ ఆఖరి లెక్క వదిలేశారు. రాక వదిలేస్తే అదొక దారి. వీళ్ళు మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. అంటే టైము చాల్లేదు. బాగా చదివేవాళ్ళకి కూడా చాల్లేదు. ఏ సెక్షన్‌కి అదే పేపరు, అంతే టైము, వాళ్ళకి సరిపోయింది. మరి వీళ్ళ టైము ఏమైపోయినట్టు? ఆ గదిలో ఎవరో మాట్లాడారు. ఒకడు చెప్తుంటే మిగతావాళ్ళు చెవులొగ్గి కూర్చున్నారు. అదీ లెక్క."

"చెప్పించుకుని రాస్తే మార్కులు పెరగాలి కదండీ?"

"చెప్పినవాడికే రాకపోతే?"

మాస్టారి మాటల్లో తప్పు పట్టడం ఎప్పుడూ కష్టమే. ఆయన ఒక మెట్టు ఎక్కాకే రెండో మెట్టు మీద కాలు పెడతారు. మొదటి మెట్టు ఎక్కడుందన్నదే యోగా టీచర్‌కి అనుమానం.

ఆమెకి ఒక అమ్మాయి గుర్తొచ్చింది. బీ సెక్షన్ పిల్లలు ఆ అమ్మాయిని మ్యూట్ అంటారు. రిమోట్‌లో ఆ బటన్ నొక్కినట్టే ఉంటుందని. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తుతుంది, నోరు విప్పదు. ప్రతి పరీక్షలోనూ సగంలో లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చేతులు కడుక్కునే కుళాయిల దగ్గరికి పరిగెత్తేది. కడుపులో ఉన్నదంతా కక్కేసి, ఇక లోపలికి వెళ్ళేది కాదు. ఈ ప్రీఫైనల్ లెక్కల పరీక్షే ఆ అమ్మాయి చివరిదాకా కూర్చుని రాసిన మొదటి పరీక్ష. ఆ రోజు హాల్లోంచి బయటికొచ్చి, సీసాలో నీళ్ళు తాగి, మూత బిగించి, ఇంటికి వెళ్ళింది. చూసేవాళ్ళకి అందులో ఏమీ లేదు. యోగా టీచర్ మాత్రం ఆ మూత బిగించడం కూడా చూసింది.

ఆ అమ్మాయి లెక్కల మాస్టారి కూతురు. తను ఎక్కువగా పాఠం చెప్పేది ఏ సెక్షన్‌కి కాబట్టి, కూతుర్ని ఆయనే బీ సెక్షన్‌లో వేయించారు. కూతురి పేపరు ఆయన దిద్దరు, సైన్సు మాస్టారు దిద్దుతారు. బడి గేటు దాటి లోపలికొచ్చాక ఆ అమ్మాయి తండ్రిని సార్ అనే అంటుంది. ఇంటికెళ్ళాకే నాన్న. ఆ సంగతి బళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

"పరీక్షకి కాపలా ఉన్నది డ్రాయింగ్ టీచర్ కదా," అంది యోగా టీచర్. "ఆవిణ్ణి అడిగారా?"

"అడిగాం. మాట వినపడిందంది, మనిషి తెలీదంది," అన్నారు పెద్ద మేడం.

"నా ముందు ఇంకోసారి అడగండి."

డ్రాయింగ్ టీచర్ వచ్చింది. ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. వేళ్ళకి నీలం రంగు అంటుకుని ఉంది. వస్తూనే ముగ్గురి మొహాలూ చూసి, యోగా టీచర్ పక్కన నిలబడింది.

"ఏమ్మా, మాట్లాడారా లేదా?" అన్నారు మాస్టారు.

"మాట్లాడారండీ. కానీ మీరనుకునే గుసగుసల్లాంటిది కాదు. చిన్న గొంతుతో ఒక్క మాట. అప్పుడు నేను కిటికీ వైపు తిరిగున్నా. ఇటు తిరిగేసరికి అందరూ మళ్ళీ రాసుకుంటున్నారు."

"మళ్ళీ ఏంటి?" అంది యోగా టీచర్. "అంతకుముందు రాయడం ఆపారా?"

డ్రాయింగ్ టీచర్ నాలిక కరుచుకుంది. చీర కొంగు వేలికి చుట్టింది, విప్పింది.

"అక్కా, చెప్తే నన్ను తిడతారు."

"చెప్పకపోయినా తిడతాం," అన్నారు మాస్టారు.

డ్రాయింగ్ టీచర్ సంచిలోంచి ఒక కాగితం తీసింది. నాలుగు మడతలు పెట్టి ఉంది. పరీక్షకి కాపలా ఉన్నవాళ్ళు చదవకూడదు, రాయకూడదు, కునికిపాట్లు పడకూడదు. బొమ్మలు వెయ్యకూడదని ఎక్కడా లేదు గానీ, వెయ్యొచ్చని కూడా లేదు.

"అంతమంది అలా కదలకుండా కూర్చుంటే ఎక్కడ దొరుకుతారు చెప్పండి? పిల్లల్ని బొమ్మ వెయ్యాలంటే నాకు ప్రాణం. ఒక్క క్షణం కుదురుగా ఉండరు. ఆ రోజు శిల్పాల్లా కూర్చున్నారు. ఆలోచించుకుంటున్నారేమో అనుకున్నా. ముందు వరసలు వేసేసరికి లేచిపోయారు... అంటే, రాయడం మొదలుపెట్టారు."

యోగా టీచర్ కాగితం బల్ల మీద పరిచింది.

పెన్సిలు బొమ్మ. రెండు వరసల పిల్లలు. పెన్నులన్నీ కాగితానికి కుడిపక్క, నిలువుగా పెట్టి ఉన్నాయి. చేతులు ఒళ్ళో ఉన్నాయి, అరచేతులు పైకి. భుజాలు దిగి ఉన్నాయి. కళ్ళు మూసుకుని ఉన్నాయి.

యోగా టీచర్ బొమ్మ మీంచి చూపు తిప్పకుండానే పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇది ఎప్పుడు? సరిగ్గా దేని తర్వాత?"

"సగం టైము అయిందని గంట కొట్టాక అక్కా."

"ఎవరు కొట్టారు?"

"ఆఫీసు గుమస్తా. వరండాలో నడుచుకుంటూ కొడతారు కదా, చేతి గంట."

ఫ్యాను తిరుగుతోంది. జవాబు పత్రాల అంచులు లేచి పడుతున్నాయి. మాస్టారు వాటి మీద చెయ్యి పెట్టారు.

"మేడం, పిల్లలు ఏ తప్పూ చెయ్యలేదు," అంది యోగా టీచర్. "చేసింది నేను."

ఆమె చెప్పింది. బళ్ళో మామూలు రోజుల్లో మోగేది కరెంటు గంట. అది పీరియడ్ల ప్రకారం దానంతటదే మోగుతుంది. పరీక్షల టైములు వేరు కాబట్టి, పరీక్షలప్పుడు దాన్ని ఆపేసి చేతి గంట కొడతారు. మిగతా ఏడాదంతా ఆ చేతి గంట ఆఫీసు బీరువాలో పడుంటుంది. యోగా మొదలుపెట్టిన కొత్తలో, పిల్లల్ని చివర్లో విశ్రాంతిగా కూర్చోబెట్టడానికి మెత్తగా మోగేది ఏదైనా దొరుకుతుందా అని ఆమె గుమస్తాని అడిగింది. ఆయన బీరువా తెరిచి ఇది తీసిచ్చాడు. అంచు సొట్టపోవడం వల్ల దాని మోత గణగణ ఉండదు, కాస్త బొంగురుగా, లోపల్నించి వస్తుంది. ఆమెకి నచ్చింది. పిల్లలకీ నచ్చింది.

"రోజూ చివర్లో అది ఒక్కసారి కొడతాను. కొట్టగానే చేతిలో ఉన్నది పక్కన పెట్టేసి, భుజాలు వదిలేసి, కళ్ళు మూసుకోవాలి. పొడుగ్గా ఊపిరి వదలాలి. నేను తెరవమనేదాకా కళ్ళు తెరవకూడదు. పరీక్షలొచ్చాయని ఆ గంట నేనే తీసుకెళ్ళి గుమస్తా చేతిలో పెట్టాను. పెట్టినప్పుడైనా నా బుర్రకి తట్టలేదు."

పెద్ద మేడం కళ్ళజోడు మళ్ళీ తీశారు. డ్రాయింగ్ టీచర్ నోటి మీద చెయ్యి వేసుకుంది. అది నవ్వు ఆపుకోడానికో భయానికో తెలియలేదు.

"అంటే," అన్నారు మాస్టారు నెమ్మదిగా, "పరీక్ష మధ్యలో గంట మోగితే, క్లాసు క్లాసంతా కళ్ళు మూసుకు కూర్చుందంటారు. మీరొచ్చి తెరవమంటారని."

"అనుకుంటున్నాను."

"అనుకోడం కాదమ్మా. నిరూపణ కావాలి."

ఆ మాటలో కోపం లేదు. బోర్డు మీద కొత్త లెక్క రాసి, దానికి దూరంగా జరిగి చూసేటప్పుడు ఆయన గొంతు అలాగే ఉంటుంది.

గుమస్తా గంట తెచ్చిచ్చాడు. "హాల్ టికెట్లు కట్టలు కట్టి రెడీగా ఉంచానండి. ఏ సెక్షన్‌వి పంచేశా. బీ సెక్షన్‌వి మీరు చెప్పాక," అన్నాడు. పెద్ద మేడం తలూపారు.

బీ సెక్షన్ గది వరండా చివర ఉంది. యోగా పీరియడే అయినా, లోపల పిల్లలు మాస్టారిచ్చిన మోడల్ పేపరు చేస్తున్నారు. సైన్సు మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. కిటికీ రెక్కలు ఓరగా వేసి ఉన్నాయి. నలుగురూ కిటికీకి ఇటుపక్క నిలబడ్డారు. లోపల్నించి చూస్తే కనపడరు. గోడవైపు రెండో బెంచీలో మాస్టారి కూతురు తల వంచుకుని రాస్తోంది. మాస్టారు ఆ వైపు చూసి, చూపు తిప్పుకున్నారు.

యోగా టీచర్ గంట ఎత్తి ఒక్కసారి కొట్టింది.

పెన్నులు దిగాయి. ఒకటి తర్వాత ఒకటి కాదు, చేతులన్నీ ఒకే మనిషివైనట్టు దిగాయి. భుజాలు జారాయి. గదంతా ఒక్క పెద్ద నిట్టూర్పు విడిచింది. తర్వాత పైన ఫ్యాను చప్పుడు, దూరంగా రోడ్డు మీద బండి చప్పుడు తప్ప ఏమీ లేదు. సైన్సు మాస్టారు పేపర్లోంచి తలెత్తి అటూ ఇటూ చూశారు. ఆయనకి ఏమీ అర్థం కాలేదు.

"అమ్మ బాబోయ్," అని డ్రాయింగ్ టీచర్ ఊపిరిలోనే అంది.

మాస్టారు చాలాసేపు చూశారు. "సోమవారం మనవాళ్ళు రాసే సెంటర్లో కూడా చేతి గంటే," అన్నారు.

"ఈలోగా మాన్పిస్తాను. ముందు వీళ్ళని లేపనివ్వండి." యోగా టీచర్ కిటికీ దగ్గరికి జరిగి నోరు తెరవబోయింది.

"ఆగండి," అని మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఒక మెట్టు మిగిలిపోయింది. ఆ రోజు మీరు అక్కడ లేరు. మరి ఎవరు లేపారు?"

ఆమెకి అప్పుడు అర్థమైంది. ఆ రోజు గదిలో వినపడిన మాట ఏదో. ఎవరు మాట్లాడారన్నది మాత్రం ఇంకా తెలియదు. తెలియకుండా ఉంటే బాగుండుననిపించింది. నోటీసు బోర్డు మీద ఆ కాగితం అలాగే ఉంది. "మాస్టారూ, వద్దండీ. నేను చెప్పేస్తాను..."

"ఆగమ్మా. ఇంత దూరం వచ్చాం."

ఆగారు. లోపల ఎవరూ కదల్లేదు. ముందు బెంచీలో ఒకడి ముక్కు దురదపెట్టినట్టుంది, మూతి అటూ ఇటూ తిప్పాడు గానీ చెయ్యి ఎత్తలేదు. సైన్సు మాస్టారు లేవబోయి, లేవాలో వద్దో తేల్చుకోలేక మళ్ళీ కూర్చున్నారు.

"నెమ్మదిగా... కళ్ళు తెరవండి."

యోగా టీచర్ తన గొంతే విన్నాననుకుంది. అదే లాగుడు, మధ్యలో అదే ఆగడం. కానీ ఆమె పెదవులు కదలలేదు. ఆ మాట గోడవైపు రెండో బెంచీలోంచి వచ్చింది.

అందరూ కళ్ళు తెరిచారు. పెన్నులందుకున్నారు. ఒకడు మాత్రం వెనక్కి తిరిగి, "ఒరేయ్, మ్యూట్ మాట్లాడిందిరా!" అన్నాడు. గది గొల్లుమంది. ఆ అమ్మాయి కూడా నవ్వింది. తండ్రి చేతిలో సుద్దముక్క విరిగి, ఒక సగం వరండాలో దొర్లుకుంటూ పోయింది.

కిటికీ అవతల మనుషులున్నారని ఆ అమ్మాయికి ఎప్పుడు తెలిసిందో గానీ, పెన్ను మూత పెట్టి, సైన్సు మాస్టారికి చెప్పి, బయటికొచ్చింది. నలుగురి ముందూ నిలబడింది.

"ఆ రోజు కూడా నేనే సార్," అంది.

పెద్ద మేడం అడిగారు. "ఎందుకమ్మా?"

"అందరూ యోగా మేడం కోసం చూస్తున్నారండీ. మేడమేమో లేరు. టైము పోతోంది."

"మరి నువ్వు కళ్ళు మూసుకోలేదా?"

"మూసుకున్నా. ఆ రోజు గంట మోగేటప్పటికి నాకు కడుపులో తిప్పేస్తోంది. లేచి వెళ్ళిపోదామని బెంచీ కూడా జరిపా. అప్పుడు మోగింది. కళ్ళు మూసుకుని ఊపిరి వదిలితే తగ్గింది. తగ్గింది కదా అని తెరిచేశా. చూస్తే అందరూ అలాగే ఉన్నారు." ఆ అమ్మాయి యోగా టీచర్ వైపు చూసింది. "మీరు చెప్పకుండా తెరిచాను. సారీ మేడం."

యోగా టీచర్ ఆ అమ్మాయి జడ సరిచేసింది. సరిచెయ్యాల్సిందేమీ లేదు అందులో.

"ఆఖరి లెక్క చేశావా?" అన్నారు మాస్టారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

"చేశాను సార్. సైన్సు సార్ పూర్తి మార్కులేశారు."

ఆయన తలూపారు. సగం సుద్దముక్కని వేళ్ళ మధ్య తిప్పారు.

పెద్ద మేడం గొంతు సవరించుకున్నారు. "మాస్టారూ, మాట్లాడటం మాట్లాడటమే అని ఆ కాగితం రాసింది మీరు. సంతకం పెట్టింది నేను. బడంతా చదివింది. ఇది ఇంకెవరి పిల్లో అయితే ఆ నోటీసు తీసి అవతల పారేద్దాం అనేదాన్ని. మీ అమ్మాయి కాబట్టి, తీసేస్తే మీకోసం తీశామంటారు. ఉంచితే..."

"ఇందాక నువ్వు మాట్లాడి ఉండకపోతే ఎవరికీ తెలిసేది కాదమ్మా," అంది యోగా టీచర్ ఆ అమ్మాయితో. "నోటీసు చూళ్ళేదా?"

"పొద్దున్నే చదివాను మేడం." ఆ అమ్మాయి తండ్రి వైపు తిరిగింది. "నేను ఒప్పుకోకపోతే మా సెక్షన్‌లో ఎవరికీ టికెట్లు రావు కదా నాన్నా. వచ్చి చెప్దామనుకుంటే ఆఫీసు మెట్ల దాకా వచ్చి మాట రాక వెనక్కెళ్ళిపోయా. ఇప్పుడు గంట వినగానే, మీరే కొట్టించి ఉంటారనిపించింది. అందుకే వినపడేలా అన్నాను."

నాన్న అన్న మాట గేటు లోపల ఆ అమ్మాయి నోట రావడం అదే మొదలు. అన్నాక ఆ సంగతి తనకే తెలిసినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి. లోపలికి వెళ్ళి, తన చోట కూర్చుని, పెన్ను మూత తీసింది.

గుమస్తా వరండా మొదట్లో కనపడ్డాడు. చేతిలో రబ్బరు బ్యాండు వేసిన హాల్ టికెట్ల కట్ట ఉంది. "ఇంటి బెల్లు టైమవుతోందండీ. బీ సెక్షన్‌వి పంచమంటారా? అందరికీనా, ఎవరిదైనా తియ్యాలా?"

మాస్టారు చెయ్యి చాచారు.

"ఇటివ్వండి."

ఆయన రబ్బరు బ్యాండు తీసి మణికట్టుకి వేసుకున్నారు. ఒక్కొక్క టికెట్టూ తిప్పుకుంటూ పోయారు. సగం దాటాక కూతురి పేరు దగ్గర వేలు ఆగింది. ఆ ఒక్కటీ బయటికి లాగి, మిగతా కట్ట యోగా టీచర్ చేతిలో పెట్టారు.

"ఇవి మీరు పంచండమ్మా. పంచాక ఆ గంట సంగతి మాన్పించండి. ఈ పీరియడ్ మీదే."

చేతిలో ఉన్న టికెట్టుని ఆయన మధ్యకి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. కిటికీలోంచి కూతురు చూస్తోందని ఆయనకి తెలుసు. అయినా అటు తిరగలేదు. వరండా దిగి, నోటీసు బోర్డు దగ్గర క్షణం ఆగారు. కాగితాన్ని ముట్టుకోలేదు. అలాగే గేటు దాటి బయటికి వెళ్ళిపోయారు.